విద్యార్థి సహవాసము నుండి దోర్నకలు వఱకు : బిషప్ అజరయ్యగారి జీవితము

ఇంటిలో మాటలాడు భాష యొకటియు, వీధిలో వినబడు భాష వేఱొకటియు అయిన ప్రాంతములలో పెరుగు విద్యార్థులకు ఒక ప్రశ్న తరచుగా ఎదురగుచుండును. మనవారనగా నెవరు? మన భాష మాటలాడువారు మాత్రమేనా? మన కులమువారా? మన మతమువారా? ఈ ప్రశ్నకు ఉపన్యాసముచేత గాక, జీవితముచేత సమాధానము చెప్పిన మహనీయుడొకడు మన దక్షిణదేశమున నుండెను. ఆయన తమిళుడు. ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగుదేశమునకు వచ్చి, తెలుగు నేర్చి, మఱి ముప్పదియైదేండ్లు తెలుగు పల్లెలలో సేవచేసి, తెలుగు నేలమీదనే కన్నుమూసెను. ఆయనయే వేదనాయకము శామ్యూలు అజరయ్య. తెలుగు క్రైస్తవులు నేటికిని ఆయనను బిషప్ అజరయ్యగారని గౌరవముతో తలచుకొందురు. ఆయన ఆ సేవకు తగినవాడగుటకు పాఠశాలలలో, కళాశాలలో, విద్యార్థుల నడుమ గడపిన సహవాస జీవితమే మూలము. అందుచేత ఆయన చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి మండలమందలి వెళ్లాళన్‌విళై యను గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు తూత్తుకుడి జిల్లాలో నున్నది. ఎఱ్ఱని యిసుక నేలలు, ఎటుచూచినను తాటితోపులు గల ప్రదేశమది. తాటిచెట్లెక్కి, తీపినీరు దించి, బెల్లము వండుకొని జీవించు నాడారులు అచ్చట పెక్కండ్రు. ఆ కాలమున వారికి హిందూ దేవాలయములలో ప్రవేశము లేకుండెను. పై కులములవారు వారిని తక్కువగా జూచుచుండిరి. అజరయ్యగారి పూర్వు లా కులమునకు జెందినవారే. తండ్రి తామసు వేదనాయకముగారు క్రైస్తవ మతమును స్వీకరించి, పల్లెలో గురువుగా నుండెను. తల్లి ఎలెన్ గొప్ప భక్తురాలు; క్రమశిక్షణలో కఠినురాలు. చిరకాలము ప్రార్థించిన పిమ్మట కలిగిన కుమారుడగుటచే శామ్యూలను పేరు పెట్టిరి.

1889లో తండ్రి మరణించెను. కుటుంబభారము తల్లిపై బడెను. బాలుడు మెఞ్ఞానపురమందలి వసతి పాఠశాలలోను, పిదప తిరునల్వేలిలోను విద్య నభ్యసించెను. తిరునల్వేలి క్రైస్తవులలో అప్పటికే మూడు నాలుగు తరములవారు గలరు. బడులు, గుడులు, వైద్యశాలలు గలవు. అయినను ఒక లోపము వారిని వదలలేదు. మతము మారినను కులము మారలేదు. ఒకే గుడిలో ప్రార్థించువారు ఒకే పంక్తిని భుజింపకుండిరి. వసతి గృహములలోని బాలురు కూడ తమ తమ కులములవారితోడనే కూడుచుండిరి. ఇది బాలుడైన అజరయ్య మనస్సును బాధించెను. తోడి విద్యార్థులతో కలిసి, ఈ కులభేదములను తొలగించుటకై యొక చిన్న సహోదర సంఘమును నెలకొల్పెను. అది చిన్న పిల్లల ప్రయత్నమని పెద్దలు నవ్వియుండవచ్చును. కాని ఆయన జీవితకార్యమంతయు ఆ చిన్న సంఘమునందే బీజరూపమున నున్నదని చెప్పిన తప్పు గాదు.

ఉన్నత విద్యకై ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో జేరెను. ఆ కళాశాల నేడు తాంబరములో నున్నది. 1937లో అచ్చటికి మారెను. అజరయ్యగారు చదువుకొనిన కాలమున జార్జిటౌనులో, హైకోర్టు కెదురుగా నుండెను. డాక్టరు విలియం మిల్లరుగారు ప్రధానాచార్యులు. విద్యార్థులలో హిందువులే అధికసంఖ్యాకులు. తమిళులు, తెలుగువారు, మలయాళీలు, కన్నడిగులు అందఱును ఒకే తరగతిలో కూర్చుండి చదువుచుండిరి. తిరునల్వేలి తాటితోపుల నుండి వచ్చిన బాలునకు అది యొక క్రొత్త లోకము. సేలములో జన్మించిన కె. టి. పాల్ అను యువకుడు ఆయనకు మిత్రుడయ్యెను. ఈ పాల్‌గారే తరువాతి కాలమున భారతదేశపు యువజన క్రైస్తవ సంఘములకు తొలి భారతీయ ప్రధాన కార్యదర్శియై, పల్లెల పునరుద్ధరణకు పాటుపడి, 1930లో లండనులో జరిగిన మొదటి రౌండు టేబిలు సమావేశమునకు ప్రతినిధిగా వెళ్లెను. ఇద్దఱు మిత్రులును ఒకరినొకరు జీవితాంతము వదలలేదు.

అజరయ్యగారి విద్యాభ్యాసము జయప్రదముగా ముగియలేదు. బి.ఏ. పరీక్షల సమయమున జబ్బుపడి, గణితశాస్త్ర పరీక్షకు హాజరు కాలేకపోయెను. పట్టము లేకయే 1893లో కళాశాలను విడిచిపెట్టెను. తండ్రి లేని యింట, కుమారుని చదువుమీద తల్లి యెన్ని యాశలు పెట్టుకొనియుండెనో ఊహింపవచ్చును. ఆ కాలమున పట్టము లేనివానికి ప్రభుత్వోద్యోగము దుర్లభము. మఱియొకడైనచో నిరాశపడి యుండును. ఆయన మాత్రము పరీక్షకై మరల పోలేదు. కళాశాలలో తాను పొందిన మేలు పట్టమునందు లేదనియు, మిత్రులయందును, కలిసి చదివిన చదువునందును, కలిసి చేసిన ప్రార్థనయందును ఉన్నదనియు ఆయన నడచిన మార్గము తెలుపుచున్నది. 1895లో ఆయన యువజన క్రైస్తవ సంఘమునకు కార్యదర్శి అయ్యెను.

ఈ సంఘమునుగూర్చి కొంత తెలిసికొనవలెను. వై.ఎం.సి.ఎ. అని మనము వాడుకగా పిలుచు ఈ సంఘమును 1844లో లండను నగరమున జార్జి విలియమ్సు అను వస్త్రదుకాణపు గుమాస్తా మిత్రులతో గూడి స్థాపించెను. దినమంతయు దుకాణములలో పనిచేసి, రాత్రివేళ చెడు సావాసములలో బడుచున్న యువకులకు మంచి సావాసమును గల్పించుట దాని ఉద్దేశము. మద్రాసులో 1890లో ఆ సంఘ మేర్పడెను. దేహము, బుద్ధి, ఆత్మ అను మూడింటిని సమముగా పెంపొందింపవలెనని చాటు ఎఱ్ఱని త్రికోణము దాని చిహ్నము. మఱియొక సంస్థ ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య. అది 1895లో స్వీడను దేశమున జాన్ ఆర్. మాట్ అను అమెరికా యువకుని చొరవచే నేర్పడెను. ఆయన వెంటనే ప్రపంచయాత్రకు బయలుదేరి, హిందూదేశములోని కళాశాలలను గూడ దర్శించెను. ఇట్లు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున విద్యార్థుల సహవాసము ఖండములను దాటి ప్రాకెను.

కార్యదర్శియైన అజరయ్యగారి పని పదునాలుగేండ్లు ఈ విద్యార్థుల నడుమనే సాగెను. దక్షిణదేశపు పట్టణములలో కళాశాలలున్న చోటికెల్ల ఆయన రైలులోను, బండిలోను ప్రయాణము చేయుచుండెను. చిన్న చిన్న జట్లుగా విద్యార్థులను కూర్చుండబెట్టి, బైబిలును వరుసగా చదివించి, చదివినదానిని గూర్చి వారిచేతనే మాటలాడించుట ఆయన పద్ధతి. కంఠస్థము చేసి అప్పగించుట చదువు కాదు. చదివినది నడతలో కనబడవలెను. అందుచేత పఠనము వెనుక సేవ రావలెనని ఆయన పట్టుబట్టుచుండెను.

1896లో షెర్‌వుడ్ ఎడ్డి అను అమెరికా యువకుడు వై.ఎం.సి.ఎ. పనికై హిందూదేశమునకు వచ్చెను. ఆయన తమిళము నేర్చెను. అజరయ్యగారును ఆయనయు కలిసి ప్రయాణములు చేసి, ఒకే గదిలో బసచేసి, ఒకే పనిలో చెమటోడ్చిరి. పాలించు జాతికి జెందిన తెల్లవారును, పాలింపబడు దేశస్థులును సమానులుగా మెలగుట అరుదైన దినములవి. ఎడ్డిగారి స్నేహము అజరయ్యగారికి ఒక కొలబద్ద అయ్యెను. ఇట్టి స్నేహము సాధ్యమేయని ఆయన అనుభవముచే నెఱిగెను. సాధ్యమని యెఱిగినవాడు గనుకనే, అది లేని చోట మౌనము వహింపలేకపోయెను. ఆ సంగతి ముందు చెప్పబడును.

1898లో ఆయన అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని వివాహమాడెను. దక్షిణదేశమున కళాశాల విద్య నభ్యసించిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకతె. కట్నము తీసికొనలేదు, ఆడంబరము లేకుండ వివాహము జరిగెను. తరువాత ఆమె భర్తతో తెలుగుదేశమునకు వచ్చి, తానును తెలుగు నేర్చి, పల్లె స్త్రీల నడుమ చేసిన పని భర్త పనికి తీసిపోనిది.

అజరయ్యగారి జీవితమును మలుపు త్రిప్పిన సంఘటన 1902లో జరిగెను. సంఘకార్యముపై ఆయన సింహళద్వీపమందలి జాఫ్నాకు వెళ్లెను. అచ్చటి తమిళ క్రైస్తవ విద్యార్థులు తమలో తాము చందాలు వేసికొని, సముద్రమునకు ఇవతలనున్న తొండి ప్రాంతమునకు సేవకులను పంపుచుండిరి. విదేశ ధనము లేదు, విదేశ పర్యవేక్షణ లేదు. చదువుకొను పిల్లలు తమ ఖర్చులు తగ్గించుకొని, తామెన్నడును చూడని ప్రజలకై ఆ పని నడపుచుండిరి. దీనిని జూచి అజరయ్యగారు సిగ్గుపడెను. తిరునల్వేలి క్రైస్తవులు జాఫ్నావారికంటె ఎన్నోరెట్లు అధికులు. వారికి దూరదేశములనుండి బోధకులు, ధనము, బడులు వచ్చినవి. అయినను వారు పుచ్చుకొనుటయే గాని యిచ్చుట నేర్వలేదు.

తిరిగివచ్చిన పిదప ఆయన మిత్రులను సమకూర్చి, 1903 ఫిబ్రవరి 12వ తేదీన తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘమును స్థాపించెను. పని చేయువారు మనవారే కావలెను, ధనము మనదే కావలెను, నిర్వహణయు మనదే కావలెనని ఆ సంఘపు నియమము. ఎచ్చట పని చేయవలెను? తమిళదేశములోనే సులభమైన చోటు వెదకుకొనవచ్చును. కాని వారు నైజాము రాజ్యములోని ఓరుగల్లు ప్రాంతమున, మానుకోట తాలూకాలోని దోర్నకలును ఎంచుకొనిరి. భాష వేఱు, ప్రభుత్వము వేఱు, ఆచారములు వేఱు. సింగరేణి బొగ్గుగనులకు పోవు రైలుమార్గము చీలు చోటు అది. 1904లో పని ఆరంభమయ్యెను.

మఱుసటి సంవత్సరము, అనగా 1905 డిసెంబరు 25వ తేదీన, వంగదేశమందలి శ్రీరామపురమున, విలియం కేరీ పేరుతో ప్రసిద్ధమైన కళాశాల గ్రంథాలయములో దేశము నలుమూలలనుండి వచ్చిన భారతీయ క్రైస్తవులు కూడి, నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. వంగదేశ విభజనమునకు వ్యతిరేకముగా స్వదేశీ ఉద్యమము చెలరేగిన సంవత్సరమదే. తమ కాళ్లమీద తాము నిలువవలెనను కోరిక దేశమంతట వీచుచుండెను. అజరయ్యగారు ఆ సంఘమునకు తొలి ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకొనబడెను. ఆయన పిదప ఆ పదవి మిత్రుడైన కె. టి. పాల్‌గారికి వచ్చెను. 1907లో జపాను రాజధానియైన టోకియోలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య మహాసభ జరిగెను. ఆసియా ఖండమున జరిగిన ఆ సమాఖ్య మహాసభలలో అదియే మొదటిది. అజరయ్యగారు అందు పాల్గొనెను. అప్పటికాయన పేరు దేశదేశములలోని విద్యార్థులకు తెలిసినది.

ఇంత పేరు వచ్చినపుడు, మద్రాసులోనో కలకత్తాలోనో ఉండి, ఉపన్యాసములిచ్చుచు, ఉత్తరములు వ్రాయుచు కాలము గడపవచ్చును. కాని ఇతరులను పల్లెలకు పొమ్మని పదేపదే కోరువాడు తాను పట్టణమున నుండుట న్యాయమా యను ప్రశ్న ఆయనను వేధింపసాగెను. విద్యార్థి సంఘములలో ఆయన చెప్పిన మాటలే ఆయనపైకి తిరిగివచ్చెను. 1909లో ఆయన ఉన్నతమైన ఆ కార్యదర్శి పదవిని వదలి, గురువుగా అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకలుకు చేరెను. మొదట బస ఒక గుడారము. చుట్టును పొదలు, అడవి. ముప్పదియైదేండ్లవాడు మరల ఓనమాలు దిద్ది తెలుగు నేర్వవలసివచ్చెను. రెండు భాషల నడుమ పెరిగినవారికి ఆ కష్టమెట్టిదో తెలిసియే యుండును. పొరుగు భాషయని తలచి సులభమనుకొందుము గాని, నోరు తిరుగునప్పుడు పాత భాష అడ్డువచ్చును. ఆయన విడువక శ్రమించి, పల్లెప్రజల ముందు తెలుగులో ధారాళముగా బోధింపగలవాడయ్యెను.

మఱుసటి సంవత్సరము 1910 జూను నెలలో స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. పండ్రెండువందలమంది ప్రతినిధులు వచ్చిరి. వారిలో ఆసియావాసులు ఇరువదిమందికి మించలేదు. ఒక సాయంకాలము అజరయ్యగారికి మాటలాడు అవకాశమిచ్చిరి. విదేశీ సేవకులకును, దేశీయ సేవకులకును నడుమ నుండవలసిన సంబంధము ఆయన విషయము. తెల్లదొరలు మా దేశమునకు వచ్చి ఎన్నో త్యాగములు చేసిరని ఆయన మొదట కృతజ్ఞతతో చెప్పెను. పిమ్మట సత్యమును దాచక పలికెను. ఎన్నో యేండ్లు కలిసి పనిచేసినను, దొర దేశీయ సహోద్యోగిని తన యింటికి పిలిచి కూర్చుండబెట్టుట అరుదు. దేశీయుని యింటికి వెళ్లుట మఱింత అరుదు. యజమానికిని సేవకునకును గల సంబంధము తప్ప, మిత్రులకు గల సంబంధము లేదు. తమ ధనమును, శ్రమను, ప్రాణమును సైతము ఇచ్చిన మీరు, మాకు వీటన్నిటికంటె ముఖ్యమైన స్నేహమునుగూడ ఇయ్యుడని ఆయన ముగించెను. సభలో కొందఱు హర్షించిరి, కొందఱు ఆగ్రహించిరి. ఆతిథ్యమిచ్చినవారి యెదుట వారి లోపమును చెప్పుటకు ధైర్యము కావలెను. కోపము లేకుండ చెప్పుటకు అంతకంటె ఎక్కువ ధైర్యము కావలెను. అప్పటికే ఎడ్డివంటి మిత్రుని పొందియుండుటచేతనే ఆయన ద్వేషముతో గాక, ఆశతో మాటలాడగలిగెను. ఆ మహాసభలో చేయబడిన పెక్కు ఉపన్యాసములు మఱుగునపడినవి. ఆయన ఉపన్యాసము మాత్రము నూఱేండ్లు దాటినను స్మరింపబడుచున్నది.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటు పాల్ కథీడ్రలులో అజరయ్యగారు దోర్నకలు బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. ఆంగ్లికను సంఘములో బిషప్పు పదవి నధిష్ఠించిన మొదటి భారతీయుడాయనయే. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారు ఆయన పక్షమున దృఢముగా నిలిచెను. ఒక భారతీయుని క్రింద ఆంగ్లేయులు పనిచేయుదురా యని పెక్కండ్రు శంకించిరి. అందుచే మొదట ఆయనకు చిన్న అధ్యక్ష ఖండమునే యిచ్చిరి. ఆయన వాదనకు దిగలేదు. పని చేసి చూపెను. 1920లో కృష్ణా, గోదావరి, కర్నూలు, కడప ప్రాంతములలోని ఆంగ్లికను సంఘములను గూడ ఆయన అధ్యక్ష ఖండమునకు జేర్చిరి. అప్పటినుండి పెక్కుమంది ఆంగ్లేయ సేవకులు ఆయన ఆజ్ఞలో పనిచేసిరి. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నొసంగెను. బి.ఏ. పట్టము లేక కళాశాల విడిచిన విద్యార్థి ఇట్లు ఇరువదియేడేండ్ల పిమ్మట పట్టభద్రుడయ్యెను.

దోర్నకలు పల్లెలలో ఆయన చుట్టును చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కులములకు జెందిన నిరుపేదలు. భూమి లేనివారు, పరుల పొలములలో వెట్టిచాకిరి చేయువారు, ఊరి బావినీటికి నోచనివారు. చదువు అను మాటయే వారి గడపలకు రాలేదు. అజరయ్యగారు ఎడ్లబండిలోను, కాలినడకను పల్లె పల్లెకు తిరిగెను. ప్రతి పల్లెలో ఒక బడి. ఆ బడి పంతులే సాయంకాలము పెద్దలకు బోధకుడు. దోర్నకలులో వసతి పాఠశాలలు, అచ్చుకూటము, గురువులకు శిక్షణ నిచ్చు వేదపాఠశాల నేర్పడెను. ఈ వేదపాఠశాలకు వచ్చు వివాహితులు భార్యలతో గూడ రావలెను. భర్త చదువుచుండగా భార్యయు చదువవలెను. లేనిచో ఆ చదువు పల్లె యింటిలో నిలువదని ఆయన యభిప్రాయము. చదువుతోబాటు చేతిపని యుండవలెను. పల్లె పంతులు మట్టిపనికి సిగ్గుపడరాదు. మద్రాసు కళాశాలలలో ఆయన నేర్పిన జట్టు పఠనమునే, అక్షరములు రాని పల్లెవారికి తగినట్లు మార్చి, కథలుగాను, పాటలుగాను నేర్పెను.

ఇచ్చట మరల ఆ పాత శత్రువు ఎదురయ్యెను. ఊరివారందఱిచేతను అంటరానివారుగా త్రోసివేయబడిన ఈ రెండు కులములవారును తమలో తాము ఒకరినొకరు అంటకుండిరి. ఒకరి బావినీరు ఒకరు త్రాగరు. ఒకరి పెండ్లికి ఒకరు పోరు. ఒక సంఘములో ఒక కులమువారు ముందుగా చేరినచో, రెండవ కులమువారు చేరుటకు నిరాకరించుచుండిరి. తిరునల్వేలి బాలుర వసతి గృహమున చూచిన దృశ్యమే ఆయనకు తెలుగు పల్లెలో మరల కనబడెను. వేర్వేఱు గుడులు కట్టించినచో సంఖ్య సులభముగా పెరిగియుండును. ఆయన అందుకు సమ్మతింపలేదు. ఒకే బల్లయొద్దకు రావలెను, ఒకే పాత్రనుండి పుచ్చుకొనవలెను. వసతి గృహములలో పిల్లలు కలిసి భుజింపవలెను. ఈ పట్టుదలవలన ఆయనకు చిక్కులు కలిగెను. కులభేదము సమూలముగా పోయినదనియు చెప్పరాదు. కాని ఒకే పంక్తిని భుజించి పెరిగిన పిల్లలు, తమ తండ్రులవలె ఒకరినొకరు వెలివేయుట కష్టమయ్యెను.

పేదవారు కూడ ఇచ్చువారు కావలెననునది ఆయన రెండవ పట్టుదల. జాఫ్నాలో నేర్చిన పాఠము నాయన మఱువలేదు. వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు ఒక పిడికెడు వేఱుగా తీసి యుంచవలెను. వారాంతమున ఆ బియ్యము సంఘమునకు చేరవలెను. కూలివానియింటి పిడికెడు బియ్యమెంత యని పరిహసింపవచ్చును. కాని నిత్యము చేయి చాచుటకు అలవాటుపడినవానికి, తానును ఒకరికి ఈయగలనను తలంపే గొప్ప మార్పు. కల్లు మానుట, పిల్లలను బడికి పంపుట, ఇల్లు వాకిలి శుభ్రముగా నుంచుకొనుట మున్నగు వానిని ఆయన ప్రార్థనతో సమముగా బోధించెను. ఆయన అంత్యకాలమునకు దోర్నకలు అధ్యక్ష ఖండములోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

ఆ కాలపు రాజకీయములందును ఆయన తన మార్గమును తానే యెంచుకొనెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనని కొందఱు కోరినపుడు ఆయన దానిని వ్యతిరేకించెను. అట్టివి క్రైస్తవులను దేశప్రజలనుండి వేఱుచేయునని ఆయన భయము. 1936, 1937 సంవత్సరములలో మహాత్మాగాంధీగారితో ఆయనకు అభిప్రాయభేదము కలిగెను. అంటరానివారి సమూహ మతాంతరము తగదని గాంధీగారు తలంచిరి. పేదవాడును తన మతమును తానే యెంచుకొను స్వాతంత్ర్యము గలవాడని అజరయ్యగారు వాదించెను. ఇద్దఱును అంటరానితనమును పాపమని నమ్మినవారే. దానిని పోగొట్టు మార్గమునందు మాత్రము వారికి భేదము కలిగెను. ఆ చర్చ మన దేశమున నేటికిని ముగియలేదు.

దోర్నకలులో ఆయన కట్టించిన కథీడ్రలును చూచిన, ఆయన మనస్సు కొంత తెలియును. ఇంచుమించు పాతికేండ్లు శ్రమించి నిర్మించిన ఆ ఆలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. ఇంగ్లండులోని గుడులవలె కోణాకారపు శిఖరముతో కట్టింపక, మసీదులను తలపించు గుమ్మటములను, దేవాలయ మంటపములను తలపించు స్తంభములను గలిపి కట్టించెను. నైజాము రాజ్యములో హిందువులు, మహమ్మదీయులు కలిసి నివసించు ఊరిలో, ఆ ఊరివారి కంటికి పరాయిది గాని గుడి కావలెనని ఆయన కోరెను.

ఆయన కడపటి కోరిక సంఘముల ఐక్యత. పాశ్చాత్య దేశములలో ఎన్నడో పుట్టిన తగాదాల వలన అచ్చటి సంఘములు చీలినవి. ఆ చీలికలే మన పల్లెలకు దిగుమతి అయ్యెను. ఒకే ఊరిలో రెండు క్రైస్తవ సంఘములవారు, తమ భేదమునకు కారణమేమో తామెఱుగకయే, వేర్వేఱుగా ఉండిరి. 1919 మే నెలలో తరంగంబాడిలో భారతీయ గురువులు కూడి, దక్షిణదేశపు సంఘములు ఏకము కావలెనని ప్రకటించిరి. ఆ సభకు అజరయ్యగారే ముఖ్యులు. తరువాత ఇరువదియైదేండ్లు ఆయన ఈ చర్చలలో ఓపికతో పాల్గొనెను. ఫలము మాత్రము చూడలేదు. 1945 జనవరి 1వ తేదీన, స్వల్పకాలపు జ్వరముతో, దోర్నకలులో పరమపదించెను. కథీడ్రలు ఆవరణముననే ఆయనను సమాధిచేసిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆఱు వారముల పిమ్మట, మద్రాసులోని సెయింటు జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను.

దోర్నకలు నేడు తెలంగాణములోని మహబూబాబాదు జిల్లాలో నున్నది. ఆనాటి మానుకోటయే నేటి మహబూబాబాదు. రైలులో ఆ మార్గమున పోవువారు జంక్షనులో దిగినచో ఆ గుమ్మటములను చూడవచ్చును. తమిళదేశమున పుట్టి తెలుగువారి కొఱకు బ్రతికిన వాని సమాధి అచ్చట నున్నది. తమిళదేశమందును, కన్నడదేశమందును, ఓఢ్రదేశమందును తరతరములుగా నివసించుచు తెలుగు చదువుకొను మనకు ఆ సమాధి ప్రత్యేకముగా ఏదో చెప్పునట్లు తోచును. ఆయన తన భాషను విడువలేదు. కాని దానిని గోడగా చేసికొనలేదు.

విద్యార్థులారా! మన బడులలోను సంఘములు గలవు. కొన్ని మతసంబంధమైనవి, కొన్ని సాహిత్యసంబంధమైనవి, కొన్ని సేవాసంబంధమైనవి. వానిలో జేరి, కార్యదర్శి యని పేరు పెట్టుకొని, సభలు జరుపుట కష్టము గాదు. మధ్యాహ్నము అన్నపు గిన్నె విప్పుకొనునపుడు మన ప్రక్కన నెవరు కూర్చుందురో, ఎవరు ఎప్పుడును దూరముగా ఒంటరిగా కూర్చుందురో చూచుకొనవలెను. అజరయ్యగారు తమ పని ఆరంభించినది అచ్చటనే. కులభేదములను తొలగించుటకై కొందఱు బాలురు నెలకొల్పిన చిన్న సంఘముతో ఆరంభమైన ఆ పని, ఎడింబరో సభ వఱకును, తెలుగు పల్లెల వఱకును నడచెను.